మాల్టాలో సముద్రపు ఈత: ముందు గాలి చూడండి, తర్వాతే నీళ్లు

విశాఖ ఆర్కే బీచ్‌లో అల విరిగే చప్పుడుకే సగం భయం పట్టుకుంటుంది. మాల్టాలో ఆ హెచ్చరిక ఉండదు. వేసవిలో చాలా రోజులు సముద్రం ఊరి చెరువులా కదలకుండా పడి ఉంటుంది, నిలువెత్తు లోతున ఉన్న గులకరాళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తుంటాయి. చదువుకనో ఉద్యోగానికనో మధ్యధరా సముద్రంలోని ఈ దీవికి వచ్చిన మనవాళ్లు, కాలువల్లో బావుల్లో బారలు వేసి పెరిగినవాళ్లు కూడా, ఈ నెమ్మది చూసే పొరపడతారు.

ఆటుపోట్ల లెక్క ఇక్కడ దాదాపు అక్కర్లేదు. విశాఖలో పోటుకీ పాటుకీ మధ్య తేడా మీటరున్నర దాకా ఉంటే మాల్టాలో అది జానెడు. మెల్లీహా, సెయింట్ పాల్స్ బే వైపు మాత్రం అప్పుడప్పుడు నీటిమట్టం ఇరవై నిమిషాలకోసారి ఎక్కి దిగుతుంటుంది. స్థానికులు దాన్ని మిల్‌ఊబా అంటారు. అది ఎప్పుడో ఒకసారి. రోజూ చూసుకోవాల్సింది గాలి. ఒకే రోజు, ఒకే గంటలో, దీవికి ఒక వైపు మనిషిని లాగేసే అలలుంటాయి, రెండో వైపు పిల్లలు గవ్వలేరుకుంటుంటారు.

బయల్దేరే ముందు

మాల్టా వాతావరణ శాఖ ఇచ్చే సముద్ర సూచన తెరవండి. అందులో మూడు చూస్తే చాలు: గాలి దిక్కు, ఫోర్స్, స్వెల్. దిక్కు అంటే గాలి వచ్చే దిక్కు, పోయే దిక్కు కాదు. వాస్తు పుణ్యమా అని ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం మనకు నోటికొచ్చినవే. వాస్తు మాటెలా ఉన్నా ఆ మూలలు ఇక్కడ నిజంగా పనికొస్తాయి.

వాయవ్య గాలిని మాల్టావాళ్లు మయ్యిస్త్రాల్ అంటారు. ఏడాది మొత్తమ్మీద ఎక్కువగా వీచేది ఇదే. ఇది వీచినప్పుడు పడమటి తీరంలోని గోల్డెన్ బే, ఐన్ తుఫీహా, గోజో దీవి ఉత్తరాన ఉన్న రమ్లా, ఈ మూడూ దెబ్బతింటాయి. ఫొటోల్లో అందంగా ఉండి మనవాళ్లు ముందుగా పరుగెత్తేవీ ఇవే. ఆ రోజు తూర్పు, ఆగ్నేయ తీరాలకు వెళ్లండి: బిర్జెబ్బూజాలోని ప్రెట్టీ బే, మర్సస్కాలా పక్కన సెయింట్ థామస్ బే.

ఆగ్నేయ గాలి పేరు ష్లోక్. ఆఫ్రికా వైపు నుంచి వేడినీ ఉక్కనూ మోసుకొస్తుంది. అప్పుడు లెక్క తిరగబడుతుంది: ప్రెట్టీ బే వైపు అలలు, గోల్డెన్ బే వైపు నెమ్మది. ఈశాన్య గాలి గ్రిగాల్. బైబిల్లో పౌలు ఓడ బద్దలై చేరిన మెలితే దీవి మాల్టాయేనని సంప్రదాయం, ఆ ఓడను తరిమిన పెనుగాలి కూడా ఈ మూల నుంచి వచ్చిందే. గ్రిగాల్ రోజున స్లీమా రాళ్ల దగ్గరికీ, మెల్లీహాలోని అదీరా బీచ్‌కీ ఈతకని పోకండి.

ఇక ఫోర్స్. 3 అంటే గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి; ఈత బాగా వచ్చినవాళ్లకు ఇబ్బంది లేదు. 4 అంటే 20 నుంచి 28. గాలి నేరుగా ఒడ్డుకు కొట్టే బీచ్‌లో పిల్లల్నీ కొత్తవాళ్లనీ దించకూడదు. 5 అంటే 29 నుంచి 38. ఆ వైపు ఎవరూ దిగకూడదు, అంతే. మాల్టా పొడవు 27 కిలోమీటర్లు, వెడల్పు పద్నాలుగు చిల్లర. బస్సెక్కి రెండో వైపుకి పోవడం పెద్ద పనేం కాదు.

మూడోది స్వెల్. చాలామంది దీన్ని వదిలేస్తారు. గాలి రాత్రే ఆగిపోయి ఉండొచ్చు, కానీ అది లేపిన అల మర్నాటి దాకా వస్తూనే ఉంటుంది. ఎండ కాస్తూ, ఆకు కూడా కదలని పూట రమ్లాలో మనుషులు కొట్టుకుపోయేది ఇలాంటప్పుడే. గాలి 2 అని ఉన్నా స్వెల్ వాయవ్యం నుంచి అని ఉంటే పడమటి, ఉత్తరపు బీచ్‌లు ఆ పూటకి మానుకోండి.

అదీరా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది చాలా దూరం దాకా లోతు లేని ఇసుక బీచ్, కుటుంబాలన్నీ అక్కడికే చేరతాయి. పడమటి గాలి ఉన్న రోజున అక్కడి నీళ్లు అద్దంలా ఉంటాయి, ఎందుకంటే గాలి నేల మీదుగా సముద్రంలోకి వీస్తోంది. గాలి నింపిన పరుపు మీద పడుకున్నవాడు కళ్లు మూసి తెరిచేసరికి ఈతగాళ్ల హద్దు చూపే బోయాల (నీటిపై తేలే గుర్తుల) వరస దాటిపోతాడు. పరుపు నీటిపైన తేలే తెరచాపలాంటిది, మామూలు ఈతగాడు దాన్ని అందుకోలేడు. ఒడ్డు నుంచి లోపలికి గాలి ఉంటే పరుపులు, ట్యూబులు, బొమ్మ బాతులు సంచిలోంచి తీయనే వద్దు. పరుపు ఒక్కటే కొట్టుకుపోతే పోనివ్వండి, దాని వెనక ఈదుకుంటూ వెళ్లకండి.

నెలను బట్టి నీళ్లు

ఫిబ్రవరి, మార్చిలో నీళ్లు 15, 16 డిగ్రీలు. ఆగస్టులో 26, 27. చిక్కంతా ఏప్రిల్, మే నెలలతో. ఎండ మన మాఘమాసపు మధ్యాహ్నంలా హాయిగా ఉంటుంది, నీళ్లు మాత్రం ఇంకా చల్లగానే ఉంటాయి. ఒక్కసారిగా దూకితే గుండె జల్లుమని, మన ప్రమేయం లేకుండానే పెద్ద ఊపిరి లోపలికి పోతుంది. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే మింగేది నీళ్లే. ఆ ఎగశ్వాస ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. కాబట్టి ముందు కాళ్లు, చేతులు, మెడ, ముఖం తడుపుకుని, నడుం దాకా దిగి ఆగి, ఊపిరి మామూలయ్యాకే ముందుకు వెళ్లండి. కాలుజారి పడితే ఈదే ప్రయత్నం చేయకండి. వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదురుకోనివ్వండి.

ఒడ్డుకు చేరాక పది నిమిషాలు

తువ్వాలు పరచగానే దిగొద్దు. ముందు జెండా ఎక్కడుందో వెతకండి. ఆకుపచ్చ అంటే పెద్దగా ప్రమాదం లేదు. పసుపు అంటే జాగ్రత్త, ఈత అంతంతమాత్రం వచ్చినవాళ్లు మొల లోతు దాటకూడదు. ఎరుపు అంటే ప్రమాదం, రెండు ఎర్ర జెండాలంటే నీళ్లలో దిగడమే నిషేధం. ఊదా రంగు జెండా జెల్లీఫిష్‌లాంటి కుట్టే జీవులున్నాయని. లైఫ్‌గార్డులు వేసవి నెలల్లో, పగటిపూట, కొన్ని బీచ్‌లలోనే ఉంటారు. వేళలు బోర్డు మీద ఉంటాయి. జెండా కర్ర ఖాళీగా ఉందంటే కాపలా లేదని అర్థం, సముద్రం బాగుందని కాదు.

తర్వాత నీళ్లను చూడండి, వీలైతే కాస్త ఎత్తు నుంచి. అలలు వరసగా విరుగుతూ తెల్లటి నురగ కడుతున్నప్పుడు, మధ్యలో ఒకచోట నురగ లేకుండా ముదురు రంగులో నున్నగా ఒక బాట కనిపిస్తే, అదే లోపలికి లాగే ప్రవాహం. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోవడానికి వెతుక్కున్న దారి. రెండు కొసల్లో ఉన్న కొండరాళ్లను ఆనుకుని కూడా ఇది తరచూ ఉంటుంది. అల లేని చోటు కదా అని పిల్లల్ని సరిగ్గా అక్కడే దించేవాళ్లను చూస్తుంటాం. ఒక ఎండుపుల్లో, ఎండిన నాచు ముద్దో విసిరి చూడండి. అది ఒడ్డుకు రాకుండా లోపలికి పోతుంటే అక్కడ దిగొద్దు.

బీచ్ మీద గోధుమరంగు ఆకులు రిబ్బన్లలా గుట్టలుగా పడి ఉంటే చెత్త అనుకోకండి. అది పొసిడోనియా, సముద్రపు గడ్డి. ఇసుక కోసుకుపోకుండా కాపాడుతుంది, మనల్ని ఏమీ చేయదు. జోరువాన కురిసిన మర్నాడు మాత్రం వీధుల నీళ్లు కలిసే బేలలో దిగకపోవడం మంచిది.

దిగడం

ఇక్కడి నీళ్ల తేటదనం కంటిని మోసం చేస్తుంది. నిలువుగా చూస్తే మూడడుగులనిపించేది నిజానికి నాలుగు. ఏటవాలుగా చూస్తే తేడా ఇంకా ఎక్కువ. అంటే ఒడ్డున నిలబడి గొంతు లోతనుకున్న చోట తల మునిగిపోతుంది. ఈత రానివాళ్లు అడుగు తీసి అడుగు వేస్తూ, వెనక కాలి మీద బరువుంచి, ముందు కాలితో తడుముకుంటూ వెళ్లాలి. ఇసుక బీచ్‌లో కూడా గుంతలుంటాయి.

మాల్టా తీరంలో ఇసుక తక్కువ, సున్నపురాయి ఎక్కువ. స్లీమాలో అయితే చదును రాళ్ల మీంచి ఇనుప నిచ్చెనలు పట్టుకుని దిగాలి. ఇక్కడ దెబ్బలు తగిలేది దిగేటప్పుడు కంటే ఎక్కేటప్పుడు. వరస ఇది: రబ్బరు అడుగున్న నీటి బూట్లు వేసుకోండి, హవాయి చెప్పులు పనికిరావు. నీటి అంచున పచ్చగా, నల్లగా మెరిసే చోట పాచి ఉంటుంది. అక్కడ నిలబడి నడవకుండా కూర్చుని జరగండి. దిగేముందే, ఎక్కడ ఎక్కాలో రెండు చోట్లు చూసి పెట్టుకోండి, ఒకటి అలకు అందకుండా పోతే రెండోది కావాలి. నిచ్చెనకు ముఖం పెట్టి దిగండి. తిరిగి ఎక్కేటప్పుడు నిచ్చెనకు రెండు బారల దూరంలో ఆగి అలలు చూడండి. పెద్దవి రెండు మూడు వచ్చాక కాసేపు నెమ్మదిస్తుంది. అప్పుడు కదిలి, మెట్టు పట్టుకోగానే ఆగకుండా పైకి వెళ్లండి. నిచ్చెనకీ రాయికీ మధ్య చెయ్యి పెట్టకండి.

పై నుంచి దూకాలని ఉంటే ముందు నీళ్లలో దిగి, ఈత కళ్లజోడు పెట్టుకుని అడుగు చూసి రండి. పక్కవాడు దూకాడని దూకొద్దు, తల ముందుగా అసలే వద్దు.

బట్టల సంగతి. జీన్స్, చీర, దుపట్టా, లుంగీ తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. ఒళ్లు కప్పుకోవాలనుకునేవాళ్లకు ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల ఈత దుస్తులు దొరుకుతాయి. ఎండ నుంచి కూడా అవే కాపాడతాయి.

ఎంత లోపలికి వెళ్లొచ్చు

ముందు స్విమ్మింగ్ పూల్‌లో మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. ఆగకుండా 200 మీటర్లు ఈదగలరా? ఏమీ పట్టుకోకుండా, కాళ్లు ఆనకుండా ఐదు నిమిషాలు ఒకేచోట తేలగలరా? రెండింట్లో ఏది కాదన్నా కాళ్లు అందని చోటికి వెళ్లకండి. తల పైకెత్తి బారలు వేసే మన బావి ఈత పది గజాలకు బాగుంటుంది, సముద్రంలో మెడ త్వరగా పట్టేస్తుంది. వెల్లకిలా తేలడం తప్పక నేర్చుకోవాలి. ఇక్కడి నీళ్లలో లీటరుకు సుమారు 38 గ్రాముల ఉప్పుంది కాబట్టి చెరువులో కంటే సులువుగా తేలతారు. చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, పొట్ట పైకెత్తి, చేతులు చాపండి. తల ఎత్తారా, కాళ్లు కిందికి పోతాయి.

వచ్చీరాని ఈతతో ఒడ్డుకు దూరంగా వెళ్లకుండా ఒడ్డు వెంబడే ఈదండి, నడుం లోతుకీ ఛాతీ లోతుకీ మధ్య. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా మొదలుపెట్టండి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలి వాలు కలిసొస్తుంది. ఇది తలకిందులైతేనే చాలామంది చిక్కుకుంటారు. పది బారలకోసారి తలెత్తి ఒడ్డున ఏదో గుర్తు, గొడుగో గోడో, చూసుకోండి.

తేలే బోయాల వరస ఈతగాళ్ల హద్దు. దాని బయట పడవలు తిరుగుతాయి, నడిపేవాడికి నీళ్ల మీద మీ తల కొబ్బరికాయంత కూడా కనపడదు. బయటికి వెళ్లక తప్పదనుకునే అనుభవజ్ఞులు నారింజ రంగు గాలిబుడ్డిని నడుముకు కట్టుకుని, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు టోపీ పెట్టుకుని వెళ్తారు. కోమినో దీవిలోని బ్లూ లగూన్‌లో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి: పడవల రద్దీ ఎక్కువ, రెండు దీవుల మధ్య ఇరుకులో ప్రవాహం కూడా ఉంటుంది. ఆ రద్దీ తగ్గించడానికే 2025 వేసవి నుంచి అక్కడికి ముందస్తు బుకింగ్ పెట్టారు.

బీరు తాగి ఈతకు దిగొద్దు. భోజనం చేశాక గంటాగాలన్న మాటకి అంత బలం లేదు కానీ, బిర్యానీ దట్టించి మిట్టమధ్యాహ్నం ఎండలో ఈదితే ఆయాసం తప్పదు.

పిక్క పట్టేస్తే వెల్లకిలా తిరిగి, ఆ కాలి వేళ్లను పట్టుకుని మీ వైపు లాగండి. నొప్పి వదిలాక చేతులతోనే మెల్లగా ఒడ్డుకు రండి.

లోపలికి లాగేస్తుంటే

ఒడ్డు దూరమవుతోందని తెలియగానే అందరూ చేసేది ఒడ్డువైపు ప్రాణం పెట్టి ఈదడం. ప్రవాహం సెకనుకు రెండు మీటర్ల దాకా వెళ్లగలదు. మంచి ఈతగాడిది అందులో సగం. దానితో పోటీ పడితే రెండు నిమిషాల్లో చేతులు పడిపోతాయి, మునిగేది ఆ అలసటతోనే. ఆ ప్రవాహం లోపలికి తీసుకెళ్తుంది తప్ప కిందికి గుంజదు.

వెల్లకిలా తేలండి. ఒక చెయ్యెత్తి ఊపుతూ అరవండి. ఊపిరి అందాక ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరిగి నురగ కడుతున్న వైపుకి ఈదండి. లాగడం ఆగిందనిపించాక అలలతో పాటు ఏటవాలుగా ఒడ్డుకు రండి. పక్కకు పోలేకపోతే తేలుతూనే ఉండండి, అలలు విరిగే చోటు దాటాక లాగుడు సన్నగిల్లుతుంది.

కుట్టేవి, గుచ్చేవి

ఇక్కడ ఎక్కువగా కుట్టే జెల్లీఫిష్ గులాబీ ఊదా కలిసిన రంగులో, అరచేతి వెడల్పున ఉంటుంది. దాని దారాలు మాత్రం మీటరుకు పైగా సాగుతాయి. ఒడ్డుకు కొట్టే గాలి వీటిని గుంపులుగా తెస్తుంది. ఒకటి కనిపిస్తే ఇంకా ఉంటాయనుకోండి. కుడితే నీళ్లలోంచి బయటికి రండి. సముద్రపు నీళ్లతోనే కడగండి. మంచినీళ్లు పోస్తే చర్మం మీద మిగిలిన విషపు సంచులు పగులుతాయి. వెనిగర్ కూడా ఈ రకానికి వద్దు. రుద్దడం, ఇసుక పూయడం, పసుపు, నిమ్మకాయ, మూత్రం, ఏవీ వద్దు. వంటసోడా, సముద్రపు నీళ్లు సమానంగా కలిపి ముద్దలా రెండు నిమిషాలు పట్టించి, పాత బస్ కార్డులాంటి ప్లాస్టిక్ ముక్క అంచుతో గీకేయండి. తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు. సంచిలో చిన్న పొట్లం వంటసోడా ఉంచుకుంటే చాలు. ఆయాసం, వాంతులు, ముఖం వాపు వస్తే 112కి ఫోన్ చేయండి. మన దేశంలో ఉన్న నంబరే, గుర్తుంచుకోవడం తేలిక.

రాళ్ల సందుల్లో నల్లగా, ముళ్లతో ఉండే సీ అర్చిన్‌లు అరికాలికి గుచ్చుకుంటాయి. ముల్లు పెళుసు, సూదితో కెలికితే లోపలే ముక్కలవుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాలు నానబెట్టి, పైకి కనిపించేవి మాత్రం పట్టకారుతో తిన్నగా లాగండి. కీలులో గుచ్చుకుంటే డాక్టరు దగ్గరికే. ఇసుకలో దాక్కునే వీవర్ చేప ముల్లు కుడితే మంట భరించలేనంత ఉంటుంది. దానికి ఐసు పనిచేయదు, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, అంటే 40 నుంచి 45 డిగ్రీల్లో, అరగంటకు తక్కువ కాకుండా కాలు పెట్టాలి. వేడి ఆ విషాన్ని విరిచేస్తుంది.

పిల్లలు

ఐదేళ్లలోపు పిల్లలు నీళ్లలో ఉంటే పెద్దవాళ్లు చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఉండాలి. చేతులకు తొడిగే గాలిబుడగలు ఆటవస్తువులు, ప్రాణరక్షణకు పనికిరావు. పదిమంది కలిసి వెళ్లినప్పుడే ప్రమాదం ఎక్కువ: ఎవరో చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. పేరు పెట్టి అప్పగించండి, "ఇప్పట్నుంచి పావుగంట నువ్వు, బావా, ఫోన్ జేబులో పెట్టు" అని. పావుగంటకి ఇంకొకరు.

ఎవరైనా మునుగుతుంటే

మునిగేవాళ్లు కేకలు వేయరు. తల వెనక్కి వాలి, నోరు నీటిమట్టానికి ఉండి, నిటారుగా ఒకేచోట మునుగుతూ తేలుతూ ఉంటారు. "బాగున్నావా?" అని అరిచినా జవాబు రాకపోతే లైఫ్‌గార్డును పిలవండి, 112 చెప్పండి. లైఫ్‌బాయ్ (ఒడ్డున ఉంచే తేలే చక్రం), తాడు, గాలి పరుపు, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, ఏది దొరికితే అది విసరండి. శిక్షణ లేకుండా దూకితే మునిగేవాడు మీ భుజాలెక్కుతాడు.

ఒడ్డుకు తెచ్చాక పొట్ట నొక్కడం, భుజాన వేసుకుని తిప్పడం వంటి పాత పద్ధతులతో సమయం పోగొట్టకండి. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందు ఐదుసార్లు నోటితో ఊదండి. ఆపై ఛాతీ మధ్యలో 30 సార్లు, ఐదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో నొక్కి, రెండుసార్లు ఊదండి. సహాయం వచ్చేదాకా 30కి 2 చొప్పున ఆపకండి.

నీళ్లు మింగి తేరుకున్న మనిషి "నాకేం కాలేదు, ఇంటికి పోదాం" అంటాడు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయి ఉంటే ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలవ్వచ్చు. మాల్టాలో అయితే మాతర్ దేయీ ఆసుపత్రికి, గోజోలో అయితే అక్కడి జనరల్ ఆసుపత్రికి అదే పూట తీసుకెళ్లి చూపించండి.